వామాగ్రచక్రోపాఖ్యానం

కావ్యం మొదట ఆశీస్సు ఉండాలి, లేదా నమస్కారం ఉండాలి, ఆ రెండూ కాకపోతే వస్తువేమిటో చెప్పనైనా చెప్పాలి అన్నారు ఆలంకారికులు. మొదటి రెండింటికీ తీరిక లేదు, కారు జాకీ మీద ఉంది. కనుక వస్తువు చెప్పేస్తున్నాను: మా బావమరిది స్విఫ్ట్ కారుకి ఎడమవైపు ముందు టైరు. ఇంకా సూక్ష్మంగా చెప్పాలంటే, ఆ టైరు బయటి అంచు. రెండు వేళ్ల వెడల్పున్న ఆ నల్లని నేల మీద ఒక మహాసంగ్రామం జరిగింది. గెలిచినవాడు లేడు. క్షతగాత్రుడు మాత్రం ఉన్నాడు.

అతడే మన నాయకుడు. పక్కగోడ మీద 185/65 ఆర్15 అని బిరుదు చెక్కించుకున్నవాడు, శ్యామలాంగుడు, ఉక్కుతీగల నడికట్టు ధరించినవాడు, మునీశ్వరుల మాదిరి గాలి తప్ప వేరే ఆహారం ఎరగనివాడు. ఇంతటివాడికి పుట్టించినవాళ్లు పేరు పెట్టలేదు గనక ఆ ముచ్చట నేనే తీర్చాను: వామాగ్రచక్రుడు. తోడబుట్టినవాళ్లు ముగ్గురు. కుడి ముందర దక్షిణాగ్రుడు, ఎడమ వెనక వామపృష్ఠుడు, కుడి వెనక దక్షిణపృష్ఠుడు. నలుగురూ ఒకే ఫ్యాక్టరీ గర్భాన ఒకే వారంలో పుట్టినవాళ్లు. ఆ జాతకం పక్కగోడ మీద నాలుగంకెల్లో రాసే ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అయిదోవాడు స్టెప్నీ. డిక్కీలో కార్పెట్ కింద అజ్ఞాతవాసం చేస్తున్నాడు. పాండవులకి ఒక్క ఏడాదితో తీరింది గానీ, ఈయన్ని చాలా ఇళ్లలో కారు అమ్మేదాకా ఎవరూ లేపరు.

నాయక వర్ణనకో పద్ధతుంది. దేవతలనైతే పాదాల నుంచి పైకి, మనుషులనైతే తల నుంచి కిందికి వర్ణించాలంటారు. టైరుతో ఇక్కడే చిక్కు. నేలని తాకిన భాగమే పాదం, ఆకాశం చూస్తున్న భాగమే శిరస్సు, కారు నాలుగు అడుగులు కదిలితే ఆ వర్ణనక్రమం తలకిందులు. కాబట్టి లోపలి అంచు దగ్గర మొదలుపెట్టి బయటికి నడుస్తాను.

లోపలి అంచున ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోంది. గాడులు ఆరు మిల్లీమీటర్ల లోతున్నాయి. అచ్చులోంచి తీసినప్పటి రబ్బరు వెంట్రుకలు ఒకటి రెండు ఇంకా మూలల్లో నిలబడే ఉన్నాయి. నెలకి మూడు వానలు కురిసే రాజ్యమిది. నడిమి ప్రాంతంలో లోతు అయిదుకి దిగింది. అయినా ఫిర్యాదు చేయాల్సినంత కష్టం లేదు, పన్నులు కట్టుకుంటూ బతుకుతున్న జనపదం. అక్కణ్ణుంచి నాలుగు వేళ్లు జరిగితే లంక. అదీ దహనమైన మర్నాటి లంక. గాడులు పూడిపోయాయి, దిమ్మెల మూలలు గుండ్రబడ్డాయి, రబ్బరు పొరలు పొరలుగా లేచి వెనక్కి మడిచినట్టు పడుకున్నాయి. గాడి అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న అడ్డుకట్టలుంటాయి. కారు టైరు అక్కడిదాకా అరిగిందంటే మన చట్టం ప్రకారం దాని ఆయువు తీరినట్టే. బయటి అంచున ఆ కట్టలు కూడా కొట్టుకుపోయాయి. ఒకచోటయితే లోపలి దారపు పోగులు బయటపడి, కవచకుండలాలు కోసి ఇచ్చేసిన కర్ణుడి ఒంటిలా కనిపిస్తోంది.

"ఏంది బావా ఇది! మొన్నే గదా ఏసింది. లోపల చూస్తే కొత్తది, బయట చూస్తే పాతది. డూప్లికేట్ మాల్ అంటగట్టినాడేమో అంగడాయన," అన్నాడు బావమరిది.

టైరు కొన్న ప్రతి మగాడూ మొదట అనే మాట అది. నాయకుడి వంశం తెలిస్తే ఆ మాట అనడు.

వంశకర్త ఒక చెట్టు. బ్రెజిల్ అడవుల్లో కన్నీరు కార్చే ఆ రబ్బరు చెట్టు గింజల్ని డెబ్బై వేల దాకా 1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు ఓడకెత్తించి లండన్ క్యూ తోటకి చేర్చాడు. అక్కడ మొలిచిన మొక్కలే సింహళానికీ మలయాకీ వచ్చాయి. ఆ సంతతి మన కేరళలోనూ విస్తరించింది. అంతకు ముందే, 1839లో, చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గంధకంతో కాచి దానికి స్థిరత్వం ప్రసాదించాడు. అంతటి వరం లోకానికిచ్చిన మహర్షి 1860లో అప్పులు మిగిల్చి పోయాడు. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీ పుట్టేసరికి ఆయన పోయి దాదాపు నలభై ఏళ్లు. గాలి నింపిన చక్రానికి 1845లోనే రాబర్ట్ థామ్సన్ పేటెంటు తీసుకుంటే లోకం మరిచిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం దాన్ని మళ్లీ పుట్టించాడు. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్–బోర్డో–పారిస్ పందెంలో గాలి టైర్ల కారు దింపి దారి పొడవునా పంక్చర్లు వేసుకుంటూ వెళ్లారు. ఔత్సాహిక మోటారు క్రీడకి ఆదిపర్వం అదేనని నా అభిప్రాయం. మన దక్షిణాది శాఖ సంగతి: 1946లో మద్రాసు తిరువొత్తియూరులో పిల్లల బెలూన్లు చేయడానికి పెట్టిన చిన్న షెడ్డే తర్వాత ఎమ్మారెఫ్ అయింది. మొదట్లో ఈ వంశమంతా గౌరవర్ణమే. కర్బనధూళి కలిపితే అరుగుదల బాగా తగ్గుతుందని తెలిశాక కృష్ణవర్ణం దాల్చింది. ఇంత తపస్సు వెనక ఉన్నవాణ్ణి పట్టుకుని డూప్లికేట్ అంటే వినడానికి బాగుండదు.

ఇక యుద్ధభూమి. నెల్లూరు నుంచి తెల్లారకముందే బయల్దేరి, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి తమిళ సీమలో ప్రవేశిస్తే దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో శ్రీపెరుంబుదూరు క్షేత్రం. భగవద్రామానుజులు అవతరించిన చోటు. ఆ పక్కనే ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారి రేస్ ట్రాక్. అంతకు ముందు తరాల వాళ్లు షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద పోటీ పడేవారు. 1990లో ఈ శాశ్వత క్షేత్రం వెలిసింది. చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు. హైదరాబాదులో కూడా 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ జరిగింది గానీ, అది దేవతల సంబరం. సొంత కారేసుకుని వచ్చిన నరుణ్ణి అక్కడ లోపలికి రానివ్వరు. నరులకి ఇరుంగాట్టుకోట్టైయే గతి, ఇంకొంచెం ఓపికుంటే కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే. హెల్మెట్ పెట్టుకుని, రుసుము కట్టి, ప్రాణం మనదే అని సంతకం చేస్తే లోపలికి పంపుతారు.

ఆ క్షేత్రంలో కార్లు ప్రదక్షిణంగా తిరుగుతాయి. కథంతా ఇందులోనే ఉంది, కాస్త ఆగి వినండి. గుడిలో ప్రదక్షిణం చేసేవాడికి దేవుడు ఎప్పుడూ కుడిచేతి వైపే. దారి మధ్యలో ఎన్ని వంకరలు పోయినా సరే, చుట్టు పూర్తయి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి ఎడమకి తిరిగినదానికంటే కుడికి 360 డిగ్రీలు ఎక్కువ తిరిగి ఉంటాడు. ఇందులో మినహాయింపు లేదు, రేఖాగణితం ఒప్పుకోదు. కారు కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమకి ఒరుగుతుంది. అంటే ప్రదక్షిణ ఫలం డ్రైవరుకి, భారం ఎడమ చక్రాలకి. నోయిడా దగ్గర 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌లోనూ తిరుగుడు ఇటే.

ఈ ఎడమ చక్రం దురదృష్టం ఇవాళ్టిది కాదు. భారతయుద్ధంలో పదిహేడోనాడు భూమి మింగింది కర్ణుడి ఎడమ చక్రాన్నే. వ్యాసుడి మూలంలో కర్ణుడే ఆ మాట అర్జునుడితో చెప్పుకుంటాడు. ఆ కర్ణపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి మా నెల్లూరి వాడే కాబట్టి, ఎడమ చక్రాల కష్టసుఖాల మీద మాట్లాడే హక్కు మా ఊరికి కొంచెం ఎక్కువగానే ఉందనుకుంటాను.

సరే, రణం. నేరుదారిలో గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రథం కుడి మలుపు ముంగిట బ్రేకు తగలగానే ముక్కు దించింది. వెనకటి సేన బరువంతా ముందరి సేన నెత్తిన పడింది. ఆ వెంటనే సారథి పగ్గం కుడికి లాగాడు. అప్పుడు శంఖాలు మోగాయి. కురుక్షేత్రంలో కృష్ణుడికి పాంచజన్యం, అర్జునుడికి దేవదత్తం, భీముడికి పౌండ్రం అని వేరువేరుగా ఉండేవి. వామాగ్రుడికి వేరే శంఖం అక్కర్లేదు, ఒళ్లే శంఖం. నేల మీద పట్టున్నంతసేపు సన్నగా మూలుగుతాడు. పట్టు జారిందంటే గొంతు చించుకుంటాడు. అనుభవజ్ఞులు ఆ స్వరభేదాన్ని పట్టి స్టీరింగు సవరించుకుంటారు. మా వాడు అదంతా తనకి కొడుతున్న చప్పట్లనుకున్నాడు.

ఆ క్షణాన ఎవరి నెత్తిన ఎంతుందో లెక్క వేద్దాం. కారు ఉజ్జాయింపుగా 1000 కిలోలు. ఇంజను ముందుంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు ముందరి అన్నదమ్ములు చెరి 300, వెనకవాళ్లు చెరి 200 మోస్తారు. గాలి 32 పీఎస్‌ఐ ఉందంటే చదరపు సెంటీమీటరుకి రెండుంపావు కిలోల ఒత్తిడి. 300ని దానితో భాగించండి: ఒక్కో ముందు టైరు నేలని తాకే మేర ఇంచుమించు మన తపాలా పోస్టుకార్డంత. గట్టి మలుపులో 300 కిలోల దాకా కుడి నుంచి ఎడమకి బదిలీ అవుతుంది. అప్పుడు వామాగ్రుడి మీద 460, దక్షిణాగ్రుడి మీద 140, వామపృష్ఠుడి మీద 340, దక్షిణపృష్ఠుడి మీద 60. మోత రెట్టింపయితే పట్టు కూడా రెట్టింపవుతుందనుకోకండి; రబ్బరు లక్షణం అది కాదు, బరువు పెరిగేకొద్దీ కిలోకి ఇచ్చే పట్టు తగ్గుతూ పోతుంది. పైగా ఈ కారుని లాగేవి ముందు చక్రాలే, తిప్పేవి ముందు చక్రాలే, బ్రేకు భారంలో సింహభాగం వాటిదే. వెనక ఉన్నవాళ్లు పెళ్లివారితో వచ్చిన చుట్టాలు.

దక్షిణపృష్ఠుడి వైభవం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మలుపులో ఇంకాస్త బ్రేకు తోడయితే ఆ 60 కిలోలూ పోయి అతని కాలు నేలకి ఆననే ఆనదు, గాలిలో లేస్తుంది. ధర్మరాజు రథం భూమికి నాలుగంగుళాలు పైన నడిచేదట, అశ్వత్థామ విషయంలో ఆ చిన్న మాట అన్నాకనే చక్రం నేలని తాకిందట. ఆ లెక్కన ధర్మరాజు టైర్లు ద్రోణపర్వం దాకా ఒక్క మిల్లీమీటరు కూడా అరిగి ఉండవు. మా దక్షిణపృష్ఠుడూ అంతే. జీవితంలో అబద్ధమాడే అవసరం రాలేదు.

ఇంత భారం మోస్తున్నవాడు నిటారుగా నిలబడి మోస్తే ఒంటి మీద సమంగా అరిగేవాడు. నిలబడనివ్వరు. మన చిన్న కార్లన్నిటికీ దాదాపుగా ముందుండేది ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరున్న స్ట్రట్టే. చౌక, చోటు తక్కువ పడుతుంది, మరమ్మతు సులువు. ఒకటే లోపం: మలుపులో కారు ఒళ్లు ఎడమకి వాలితే చక్రం కూడా ఆ ఒంటితో పాటే వాలుతుంది. చక్రం పైభాగం బయటికి ఒరుగుతుంది. అప్పుడు పోస్టుకార్డు మొత్తం నేలని తాకదు, అందులో చిరునామా రాసే భాగం మాత్రమే తాకుతుంది. 460 కిలోలు, మండుటెండకి కాగిన మద్రాసు తారు, పక్కకి జారుతున్న రబ్బరు: ఈ మూడూ కలిసి రెండు వేళ్ల వెడల్పు మీద కూర్చున్నాయి. ఆ అంచు అరిగిందని ఆశ్చర్యపోవడం ఎందుకో నాకు తెలీదు. ఇంకా మిగిలి ఉన్నందుకు దండ వేయాలి.

క్షతగాత్రుణ్ణి వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాం. పేరు చెప్పను, మా ఊళ్లో అలైన్‌మెంట్ చూసే అంగళ్లలో ఒకటి. నాలుగు చక్రాలకీ అద్దాలు బిగించాడు, కెమెరాలు నాడి పట్టాయి, టీవీ తెర మీద అంకెలు వెలిగాయి. ఆయన తెర వంక చూసి, మా వంక చూసి, తీర్పు చెప్పాడు: "అంతా గ్రీన్‌లోనే ఉండాది సామీ. ఏం తేడా లేదు. టైరే బాగలేదు."

ఇది అబద్ధం కాదు, అదే ఇందులోని విషాదం. ఆ పచ్చరంగు కంపెనీవాడు పెట్టిన హద్దు. ఆ హద్దు పెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది సంసారి: భార్యాపిల్లలతో తిరుమలకి పోతూ, గుంతలు తప్పించుకుంటూ, డెబ్బైలో నడిపే మనిషి. ఆయన కోసం చక్రాల్ని దాదాపు నిటారుగా నిలబెట్టారు. నిటారుకీ చక్రం వాలుకీ మధ్య ఉన్న కోణమే కేంబర్. రేసుకి పోయేవాడు చక్రం పైభాగాన్ని ముందే లోపలికి వంచి ఉంచుతాడు. మలుపులో ఒళ్లు వాలాక అది లెక్కకి నిటారవుతుంది. మైనస్ రెండు డిగ్రీలనీ రెండున్నర అనీ వాళ్లు మాట్లాడుకుంటారు. ఆ కొలత ఈ యంత్రంలో పెడితే తెరంతా ఎర్రబడుతుంది. అంటే కారుకి ఏది ఆరోగ్యమో యంత్రానికి తెలీదు, ఏది మామూలో మాత్రమే తెలుసు. డాక్టర్లలోనూ ఇలాంటివారున్నారు, ఆ చర్చ ఇక్కడొద్దు.

"మరి కేంబర్ మార్చొచ్చు గదన్నా?" అన్నాడు బావమరిది.

"దీనికి తిప్పేదానికి ఏర్పాటే లేదు సామీ. టో ఒక్కటే మన చేతిలో ఉండేది."

ఏర్పాటు లేదు గానీ ఉపాయం ఉంది. స్ట్రట్టుని చక్రపు దిమ్మెకి కలిపే చోట రెండు బోల్టులుంటాయి. అందులో ఒకటి తీసి ఒకవైపు ఉబ్బుగా ఉండే కేంబర్ బోల్టు వేస్తే డిగ్రీ, డిగ్రీన్నర దాకా లోపలికి వంచొచ్చు. అయితే కేంబర్ కదిలితే టో కూడా కదులుతుంది. రెండు చక్రాలూ ముక్కులు దగ్గర పెట్టుకుని నడుస్తున్నాయా, ఎడమొహం పెడమొహంగా నడుస్తున్నాయా అన్నదే టో. బోల్టు వేసి టో చూడకుండా వచ్చేసినవాడి టైర్లు అడ్డంగా ఈడ్చుకుంటూ పోతాయి, దిమ్మెలు రంపపు పళ్లలా లేస్తాయి. అరచెయ్యి అడ్డంగా అటూ ఇటూ రాసి చూస్తే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గుచ్చుకుంటున్నట్టుగా తెలుస్తుంది. కళ్ల కంటే చెయ్యే మంచి సాక్షి.

ఇక్కడ ధర్మసంకటం మొదలవుతుంది. సొంత కారుని రేసుకి తీసుకెళ్లేవాడి కష్టం నిజమైన రేసరుకి ఉండదు. అతని కారు లారీలో వస్తుంది, లారీలో పోతుంది. మా వాడి కారు ట్రాక్ మీద తిరిగేది నలభై యాభై కిలోమీటర్లయితే, పోయిరావడానికి హైవే మీద 400. ట్రాక్ కోసం చక్రం లోపలికి వంచితే బయటి అంచు బతుకుతుంది, హైవేలో లోపలి అంచు చస్తుంది. హైవే కోసం నిటారుగా పెడితే ఇది బతుకుతుంది, అది చస్తుంది. ఒక్క దేహానికి రెండు ధర్మాలు. అర్జునుడికి ఇంతకంటే చిన్న సందేహం వచ్చినా పద్దెనిమిది అధ్యాయాలు పట్టింది.

నాకు పద్దెనిమిది అక్కర్లేదు. నా మాట ఇది: మైనస్ ఒకటిన్నర దగ్గర ఆపండి, టో సున్నా చేయండి. కేంబర్ ఒక్కటే ఉంటే హైవేలో లోపలి అంచు తినేది జనం భయపడేంత కాదు. కేంబర్‌తో పాటు టో చెడితేనే అది బకాసురుడవుతుంది. ఇక టైర్లు మార్చే సంగతి. ఎడమది కుడికి వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చక్రాన్ని రిమ్ముతో సహా అటు వేస్తే బయటి అంచు బయటే ఉంటుంది. మోసే భారం తగ్గుతుంది, అంతవరకే లాభం. గాయపడ్డ అంచు లోపలికి రావాలంటే రిమ్ము నుంచి టైరు ఊడదీసి తిరగేసి ఎక్కించాలి. పక్కగోడ మీద ఇది బయటివైపు అని రాసి ఉన్న టైర్లని అలా తిరగేయకూడదు. బాణం గుర్తున్నవాటిని తిరగేస్తే రెండోవైపు చక్రానికే వేయాలి, లేదంటే వెనక్కి తిరుగుతాయి. టైర్ల అంగట్లో కుర్రాడికి ఇది ముందే చెప్పండి; చెప్పకపోతే బ్యాలెన్సింగ్ చేసి, సబ్బునీళ్లు తుడిచి, ఎప్పటిలాగే బిగించి పంపుతాడు.

గాలి గురించి మా ఊళ్లో మూడు మతాలున్నాయి. తక్కువ పెడితే పట్టెక్కువ అనేది మొదటి మతం, మా బావమరిదిది అదే. 26 పెట్టుకుని మలుపులోకి దూకితే టైరు పక్కగోడ మడతపడి, నేలకి ఆనకూడని భుజం ఆనుతుంది. బయటి అంచు దాటి ఆ భుజం మీదికి కూడా గీరుళ్లు పాకాయంటే ఇదే కారణం. ఎక్కువ పెడితే ఎక్కువకాలం వస్తుందనేది రెండో మతం, వాళ్లకి నడుమ అరుగుతుంది. మూడోది పంక్చర్ అంగడి మతం: అన్ని కార్లకీ అన్ని కాలాల్లోనూ 35. నిజానికి ట్రాక్ మీద నాలుగైదు చుట్లకే టైరు వేడెక్కి గాలి ఆరేడు పీఎస్‌ఐ దానంతటదే పెరుగుతుంది, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కొలిచిందొక్కటే చూసుకుని కూర్చుంటే లాభం లేదు. వేడి మీద కొలవాలి. రేసు జట్లు సూది గుచ్చే థర్మామీటరుతో లోపల, నడుమ, బయట మూడుచోట్లా టైరు జ్వరం చూస్తాయి. అది లేనివాడికి రూపాయి సుద్దముక్క చాలు. దిగేముందు భుజం మీద అడ్డంగా గీత గీసి, నాలుగు చుట్లు తిరిగి వచ్చి చూడండి. గీత ఎక్కడిదాకా చెరిగిందో టైరు అక్కడిదాకా వాలింది. చాలా టైర్ల పక్కగోడ పైన చిన్న త్రికోణపు గుర్తుంటుంది. సుద్ద దాన్ని దాటి చెరిగితే గాలి పెంచాలి. ఈ ఒక్క పరీక్ష అరుగుదల మీద నడిచే వాదాల్లో సగం తీరుస్తుంది. అయినా దీన్ని ఎవరూ చేయరు, ఖరీదు లేని పనికి గౌరవం లేదు.

ఇంతవరకు కంపెనీని, ట్రాక్‌ని, గాలిని తిట్టాం. అసలు ముద్దాయి ఇంకా బోనెక్కలేదు. ఆయన సీటులో ఉన్నాడు. వేగం తగ్గించకుండా మలుపులోకి వచ్చి, కారు తిరగడం లేదని స్టీరింగు ఇంకా తిప్పి, అయినా తిరగడం లేదని ఇంకొంచెం తిప్పేవాడు. ముందు చక్రం పట్టు దాటి జారుతున్నప్పుడు ఎంత తిప్పితే అంత అడ్డం తిరిగి తారు మీద గీరుకుంటుంది తప్ప కారు తిరగదు. అప్పుడు చేయవలసింది తిప్పింది కాస్త వెనక్కి వదలడం, ఆక్సిలరేటరు మీద కాలు తేలిక చేయడం. ఇది చెప్పడం తేలిక. మలుపు చివర గోడ కనిపిస్తుంటే చేతులు మాట వినవు. ట్రాక్ బయట నిలబడి నేను శల్యుడి పాత్ర బాగానే పోషించాను: ప్రతి చుట్టుకీ "ఇంకా నిదానం, ఇంకా నిదానం" అని గాలిలో చేతులూపాను. కర్ణుడికి శల్యుడి మీద ఉన్నంత అభిమానమే మా వాడికి నా మీద ఉంది. అయినా నా తీర్పు మార్చుకోను. ఆ బయటి అంచు అరుగుదలలో సగానికి పైగా వాటా సారథి తొందరదే. మిగతాది మెక్‌ఫెర్సన్, ప్రదక్షిణం, గాలి పంచుకోవాలి. టైరు వాటా సున్నా.

పోగులు బయటపడిన టైరుతో హైవే ఎక్కడానికి లేదు గనక, వైద్యుడి దగ్గరికి పోకముందే, ట్రాక్ మీద తిరిగిన సాయంకాలమే, ఇరుంగాట్టుకోట్టైలో రాజ్యవ్యవస్థ మారింది. వీల్ పానా తెచ్చి, నట్లు విప్పి, వామాగ్రుణ్ణి రణరంగం నుంచి తప్పించాం. ఇంతకాలం గాలిలో తేలిన ధర్మరాజుని, అంటే దక్షిణపృష్ఠుణ్ణి, తెచ్చి ఎడమ ముందర నిలబెట్టాం. ఖాళీ అయిన వెనక సింహాసనం మీద స్టెప్నీకి పట్టాభిషేకం. డిక్కీ దుమ్ము తుడిస్తే ఆయన ఒంటి మీద రబ్బరు వెంట్రుకలు పుట్టినప్పటివి పుట్టినట్టే ఉన్నాయి. గాలి మాత్రం 14 ఉంది. అజ్ఞాతవాసంలో ఆయన్నెవరూ తిండి తిన్నావా అని అడగలేదు. బావమరిది పక్క కారువాడి పంపు అడుక్కొచ్చాడు. స్టెప్నీ వెడల్పు తక్కువ, గంటకి 80 దాటొద్దని రిమ్ము మీద పచ్చ స్టిక్కరు. నెల్లూరు దాకా లారీల వెనకే వచ్చాం.

ఉపాఖ్యానానికి ఫలశ్రుతి చెప్పాలి గనక చెబుతున్నాను. ట్రాక్‌కి పోయినా పోకపోయినా మీరు ఈ వారం ఒక పని చేయండి. కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ముందు టైరుని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అరచేత్తో తడిమి చూడండి. బయటి అంచు నిలబడి చూస్తే కనిపిస్తుంది. లోపలి అంచు వంగితే తప్ప కనిపించదు, అక్కడ పోగులు తేలినా ఎవరికీ తెలీదు. చూశాక డిక్కీ తెరిచి స్టెప్నీకి కూడా గాలి కొట్టించండి.